పిల్లల నోట్లో ఉలిపిర్లు: బడి తనిఖీలో కనిపిస్తే ఏది వదిలేయాలి, ఏది పంపాలి?

నర్సంపేట_బడివైద్యం
(ప్రశ్న)

నర్సంపేట, ఖానాపురం, నల్లబెల్లి మండలాల బళ్లలో, హాస్టళ్లలో పిల్లల ఆరోగ్య తనిఖీ చేసే బృందం తరఫున అడుగుతున్నాను. నోరు తెరిపించినప్పుడు మామూలుగా చూసేవి పిప్పిపళ్లు, చిగుళ్ల వాపు, ఫ్లోరైడ్ మరకలు. వాటి మధ్య అప్పుడప్పుడు బుడిపెలు కనిపిస్తాయి. ‘ఇతరములు’ అని రాసి ఊరుకోవడం సరికాదనిపిస్తోంది.

మూడు రకాలవి చెబుతాను. ఒకటి: ఎనిమిదేళ్ల పాపకు కింది పెదవి లోపల రెండు తెల్లని గరుకు బుడిపెలు. కుడి బొటనవేలికీ చూపుడువేలికీ ఉలిపిర్లున్నాయి, గోళ్లు కొరికే అలవాటుంది. రెండు: పదకొండేళ్ల బాబుకు కొండనాలుక పక్కన కాడ మీద నిలబడ్డ చిన్న గోబీపువ్వులాంటిది, నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, నొప్పి లేదు. మూడు: అక్కాతమ్ముళ్లిద్దరికీ పెదవుల లోపల, బుగ్గల లోపల నునుపైన చదును బుడిపెలు, ఒక్కొక్కరికి డజను దాకా. రంగు చుట్టూ ఉన్న చర్మం రంగే.

ఇవన్నీ ఉలిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ వైరస్ వల్లేనా? తల్లులు ఫోన్‌లో ఆ పేరు కొట్టి చూసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని భయపడుతున్నారు. ఆ వెనకే “ఇది పిల్లకు ఎట్ల వచ్చింది?” అనే అనుమానం. వార్డెన్లేమో పళ్లాలు వేరు చేయాలా అని అడుగుతారు. ఊళ్లో జిల్లేడు పాలు పెట్టమనేవాళ్లు, వెంట్రుకతో కట్టమనేవాళ్లు ఉండనే ఉన్నారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పంపాలంటే పళ్ల డాక్టర్ దగ్గరికా, ఈఎన్‌టీకా, చర్మవ్యాధుల విభాగానికా? పెద్ద పిల్లలకు టీకా వేయిస్తే ఇవి పోతాయా?


హన్మకొండ_పిల్లలపళ్లు

మీ వర్ణన బాగుంది సార్. ఇంత వివరంగా రాసి పంపితే చూసేవాళ్లకు సగం పని తగ్గుతుంది.

హెచ్‌పీవీ ఒక్క వైరస్ కాదు, రెండు వందలకు పైగా రకాలున్న కుటుంబం. చేతి ఉలిపిర్లకు కారణమైన 2, 4, 57 రకాలు నోట్లోకి వస్తే మీ మొదటి పాపకున్నట్టు తెల్లగా, గరుకుగా, వెడల్పాటి మొదలుతో పెదవి లోపలా నాలుక ముందు భాగంలోనూ లేస్తాయి. కాడ మీద గోబీపువ్వులా ఉండేది పాపిలోమా. దానికి ఎక్కువగా 6, 11 రకాలు కారణం. అంగిలి వెనక భాగం, కొండనాలుక, నాలుక దాని ఇష్టమైన చోట్లు, చాలావరకు ఒక్కటే ఉంటుంది, సెంటీమీటరు దాటడం అరుదు. మూడోది హెక్ వ్యాధిలా ఉంది. 13, 32 రకాలు కారణం. నోటికే పరిమితం, ఒకే ఇంట్లో పిల్లలకు కలిసి రావడం దాని లక్షణం. 1965లో అమెరికాలోని ఆదిమజాతుల పిల్లల్లో మొదట దాన్ని వర్ణించారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన 16, 18 రకాలు ఈ బుడిపెలను లేపేవి కావు. తల్లులకు మొదట చెప్పాల్సిన మాట ఇదే: పేరు ఒకటే, రకం వేరు.

ఇక చూసే పద్ధతి. తడి మీద ఉపరితలం కనిపించదు, అందుకే ముందు గాజ్ (కట్టు కట్టే పలచని నూలు) గుడ్డతో బుడిపెను ఒత్తి ఆరబెట్టండి. తలకు పెట్టుకునే లైటుంటే మేలు, సెల్‌ఫోన్ వెలుతురు ఒకే కోణం నుంచి పడి గరుకుతనాన్ని మింగేస్తుంది. గ్లవ్ వేసుకున్న వేలితో తాకి మెత్తగా ఉందా, గట్టిగా ఉందా, కాడ ఉందా, మొదలు వెడల్పా చూడండి. తర్వాత పెదవిని రెండు వేళ్లతో పట్టి చాచండి. హెక్ బుడిపెలు చాచగానే చుట్టూ ఉన్న చర్మంలో కలిసిపోయినట్టు మాయమవుతాయి, వదిలితే మళ్లీ లేస్తాయి. పాపిలోమా, ఉలిపిరి అలా మాయం కావు. కొలత రాయండి, పక్కన స్కేలు ముక్క పెట్టి ఫొటో తీయండి, ఫొటోలో ముఖం రాకుండా చూసుకోండి.

హెచ్‌పీవీ అనుకుని పొరబడేవి చాలా ఉన్నాయి. కింది పెదవి లోపల నీలిరంగు నీటిబుడగ, పగిలి మళ్లీ నిండేది, మ్యూకోసీల్. కొరుక్కున్న చోట నునుపుగా, గుండ్రంగా, గులాబీ రంగులో ఉండేది ఫైబ్రోమా. పిప్పి పాలపన్ను మొదట్లో చిగురు మీద నొక్కితే చీము వచ్చేది చీముబుడిపె, దానికి చికిత్స పన్నుకే. ఇంకొకటి: నాలుక వెనక పక్కల్లో రెండు వైపులా ముడతలు ముడతలుగా ఉండేది పుట్టుకతో వచ్చే మామూలు నిర్మాణం. దాన్ని చూసి గడ్డ అని భయపడి పిల్లను పట్నం దాకా తిప్పే తల్లిదండ్రులు తక్కువ కాదు. రెండు వైపులా ఒకేలా ఉన్నది జబ్బు కావడం అరుదని గుర్తుంచుకోండి.

మీ ముగ్గురిలో తీసేయమని నేను చెప్పేది కొండనాలుక దగ్గరున్నదే. అది కత్తికి సులభం, ల్యాబ్‌కు పంపితే పేరు తేలిపోతుంది, తిరగబెట్టడం తక్కువ. పాప పెదవి ఉలిపిర్ల సంగతి ముందు చేతిలో మొదలు పెట్టాలి. చేతివి ఉన్నంతకాలం గోళ్లు కొరికినప్పుడల్లా వైరస్ పెదవికి చేరుతూనే ఉంటుంది. పెదవివి కోసి చేతివి వదిలేస్తే మూడు నెలల్లో మళ్లీ మీ ముందే కూర్చుంటుంది. హెక్ పిల్లలను ముట్టుకోకండి. నెలల నుంచి కొన్నేళ్లలో వాటంతటవే పోతాయి. తింటుంటే పళ్ల కింద పడి రక్తం వచ్చేవి, పెదవి రూపు మార్చేవి ఉంటే అవి మాత్రం తీయొచ్చు.

చేతి ఉలిపిర్లకు మందుల షాపులో దొరికే 17 శాతం శాలిసిలిక్ ఆమ్లం మంచిదే. గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి, పైపొర గీకి, రాత్రి పూట బుడిపె మీద మాత్రమే చుక్క వేయాలి, పన్నెండు వారాల దాకా ఓపిక పట్టాలి. అయితే వేలు చీకే, గోళ్లు కొరికే పిల్లలకు ఇది వద్దు, ఆమ్లం నేరుగా నోట్లోకి పోతుంది. వాళ్లకు చర్మవ్యాధుల విభాగంలో ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం మేలు. నోటి లోపల మాత్రం ఆమ్లం గానీ, ఉలిపిర్లకు పూసే పోడోఫిలిన్ మందు గానీ ఎప్పుడూ పెట్టకూడదు.

జిల్లేడు పాలు, జీడిగింజ రసం, సున్నం-సోడా: మూడూ కాల్చేవే. బయటి చర్మం మీద మచ్చతో పోతుంది, నోట్లో పుండుపడి పిల్ల రెండు రోజులు అన్నం ముట్టదు. జిల్లేడు పాలు చేతి నుంచి కంటికి చేరితే నల్లగుడ్డు మీది పొరకే ముప్పు. వెంట్రుక కడితే కాడ సగం తెగి రక్తం కారుతుంది, మొదలు అక్కడే మిగిలి మళ్లీ పెరుగుతుంది. ల్యాబ్‌కు పంపడానికి ముక్క కూడా మిగలదు. తల్లులకు ఈ చివరి సంగతి చెబితే వింటారు.


నర్సంపేట_బడివైద్యం

చాలా ఉపయోగపడింది మేడం. క్యాంపుకు వచ్చే పళ్ల డాక్టర్ దగ్గర కాటరీ ఉంది. కొండనాలుక పక్కది అక్కడికక్కడే కాల్చేయొచ్చా?


కాజీపేట_పాథాలజీ

వద్దు. ఈ విషయంలో గట్టిగానే చెబుతాను. కాటరీతో కాల్చి తీసిన నాలుగు మిల్లీమీటర్ల ముక్కలో మాడిన అంచులే మిగులుతాయి, మైక్రోస్కోప్ కింద కణాలు చారికల్లా సాగిపోయి ఏమీ చదవలేం. కత్తితో తీసి, రక్తం ఆగకపోతే మొదలుకు మాత్రం కాటరీ తగిలించండి. పైగా కొండనాలుక దగ్గర పొగ పిల్ల గొంతులోకే పోతుంది. ఆ పొగలో వైరస్ డీఎన్‌ఏ దొరికిందని లేజర్, కాటరీ పొగ మీద పరీక్షలు చేసినవాళ్లు చూపించారు. పొగ లాగే గొట్టం, ఎన్95 మాస్కు లేని చోట ఆ పని మొదలుపెట్టకూడదు.

తీసే పద్ధతిలో మా దాకా వచ్చే పొరపాట్లు ఇవీ. మత్తుమందును బుడిపెలోకే ఎక్కిస్తారు, అది ఉబ్బి పొరలు విడిపోతాయి. మొదలు నుంచి మూడు, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో చుట్టూ ఇవ్వాలి. రెండు శాతం లిగ్నోకైన్ మత్తుమందులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములుంటాయి. పిల్లలకు కిలోకు 4.4 మిల్లీగ్రాములు దాటకూడదనే లెక్కన 20 కిలోల బిడ్డకు హద్దు 88 మిల్లీగ్రాములు, అంటే 4.4 మిల్లీలీటర్లు. ఇంత చిన్న బుడిపెకు అర మిల్లీలీటరు చాలు. ఫోర్సెప్స్‌తో గట్టిగా పట్టుకుంటే వేళ్లలాంటి పొరలు నలిగిపోతాయి. మొదల్లో ఒక పట్టుదారం కుట్టు వేసి దానితో పైకి లాగి, చుట్టూ ఒక మిల్లీమీటరు మామూలు చర్మంతో కలిపి కోస్తే ముక్క చక్కగా వస్తుంది. మత్తు దిగేదాకా పిల్ల పెదవి కొరుక్కోకుండా చూడమని తల్లికి చెప్పి పంపండి.

ముక్కను కుళ్లకుండా ఉంచే పది శాతం ఫార్మలిన్ ద్రవంలో వేయాలి. షాపులో దొరికే గాఢ ఫార్మలిన్ ఒక పాలుకు తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపితే అది పది శాతం. ముక్క పరిమాణానికి కనీసం పదింతలు ద్రవం ఉండాలి. స్పిరిట్‌లో వేస్తే గట్టిపడి ముడుచుకుపోతుంది, సెలైన్‌లో వేస్తే హన్మకొండ చేరేలోపు కుళ్లుతుంది. ఇంజక్షన్ సీసాలో కుక్కి పంపేవాళ్లున్నారు, ఫార్మలిన్‌లో బిగుసుకున్నాక సన్నని మూతి లోంచి బయటికి రాదు, గీకి తీయాల్సి వస్తుంది. వెడల్పు మూతి డబ్బా వాడండి. చిన్న కాగితం ముక్క మీద మొదలు కిందికి ఉండేలా ఆనించి వేస్తే ముడుచుకోదు. చీటీ మీద వయసు, చోటు, కొలత, ఎన్నాళ్లుగా ఉంది, ఒకటా పలు ఉన్నాయా, చేతులకు ఉలిపిర్లు ఉన్నాయా రాయండి.

ఫలితంలో ‘కోయిలోసైట్లు’ అనే మాట కనిపించొచ్చు. ఎండుద్రాక్షలా ముడుచుకున్న కేంద్రకం, దాని చుట్టూ ఖాళీ వలయం ఉన్న కణాలవి, హెచ్‌పీవీ గుర్తు. క్యాన్సర్ గుర్తు కాదు. పిల్లల మామూలు పాపిలోమాకు వైరస్ రకం పరీక్ష గానీ పీ16 రంగు పరీక్ష గానీ అడగకండి. ఖర్చే తప్ప చికిత్సలో మార్పేమీ ఉండదు. బుడిపె లేని పిల్లల నోట్లోంచి దూదిపుల్లతో తీసి ‘హెచ్‌పీవీ ఉందా’ అని చూడటం ఇంకా అనవసరం. చాలామందిలో వైరస్ వచ్చి ఏడాది, రెండేళ్లలో తనంతట తాను పోతుంది. ఆ నడుమ ‘ఉంది’ అని రాసిచ్చిన కాగితం ఇంట్లో గొడవకే పనికొస్తుంది.


కరీంనగర్_ఈఎన్‌టీ

పై ఇద్దరూ నోటి సంగతి చెప్పారు. తనిఖీ బృందాలకు నేను చెప్పేది ఒక్కటే: నోట్లో బుడిపె ఉన్న పిల్లను చూసినప్పుడు గొంతు వినండి. పేరు చెప్పమనండి, ఒకటి నుంచి పది దాకా గట్టిగా లెక్కపెట్టమనండి. నోటి బుడిపె ఎన్నాళ్లున్నా ప్రాణం మీదికి రాదు. అదే 6, 11 రకాలు స్వరపేటిక మీద కూర్చుంటే వస్తుంది.

దీన్ని పిల్లల స్వరపేటిక పాపిలోమా అంటాం. ఎక్కువమందిలో ఐదేళ్లలోపే బయటపడుతుంది, రెండు నుంచి నాలుగేళ్ల వయసు ముఖ్యం. వైరస్ కాన్పు సమయంలో తల్లి నుంచి వస్తుంది. తొలిచూలు బిడ్డ, మామూలు కాన్పు, చిన్న వయసు తల్లి: ఈ మూడూ కలిసిన చోట ఎక్కువగా కనిపిస్తుంది. అలాగని తల్లికి జననాంగాల దగ్గర ఉలిపిర్లున్నాయి కాబట్టి సిజేరియన్ చేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. డెన్మార్క్‌లో చూసిన లెక్కలో, గర్భిణిగా ఉన్నప్పుడు ఉలిపిర్లున్న తల్లుల వెయ్యి కాన్పుల్లో ఏడుగురు పిల్లలకే ఈ జబ్బు వచ్చింది. సిజేరియన్ అయిన పిల్లల్లోనూ అది కనిపిస్తుంది.

వరస ఇలా ఉంటుంది. మొదట గొంతు బొంగురు. ఏడుపు బలహీనంగా, గీసినట్టు వస్తుంది, “వీడి గొంతే అంత, తాత గొంతు వచ్చింది” అని ఇంట్లో సరిపెట్టుకుంటారు. కొన్ని నెలలకు ఊపిరి తీసుకునేటప్పుడు చప్పుడు. ఇక్కడే ఆస్తమా అనుకుని నెబ్యులైజర్, ఇన్‌హేలర్ మొదలవుతాయి. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఆస్తమా పిల్లికూత ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలో వినిపిస్తుంది, గొంతు మామూలుగానే ఉంటుంది, మందుకు తగ్గి మళ్లీ వస్తుంది. పాపిలోమా చప్పుడు ఊపిరి తీసుకునేటప్పుడు మెడ దగ్గర వినిపిస్తుంది, గొంతు బొంగురు, మందుకు తగ్గదు, వారం వారం పెరుగుతుంది. జలుబు లేకుండా నాలుగు వారాలు దాటిన బొంగురు ఏదైనా సరే, సన్నని గొట్టం కెమెరాతో స్వరపేటిక చూసి తీరాలి. అమ్మ ఒడిలో కూర్చోబెట్టి ముక్కు ద్వారా చూస్తారు, మత్తు అక్కర్లేదు, ఒకట్రెండు నిమిషాల పని.

ఊపిరి తీసుకునేటప్పుడు మెడ గుంట లోపలికి పోతుంటే, పక్కటెముకల మధ్య చర్మం లాగుకుంటుంటే రేపు, ఎల్లుండి అనకుండా ఆ పూటే ఎంజీఎం అత్యవసర విభాగానికి పంపండి. ఊపిరికి ఇబ్బంది లేక బొంగురు మాత్రమే ఉంటే ఎంజీఎం ఈఎన్‌టీ ఓపీ చాలు. ఆపరేషన్ కావాలంటే పిల్లల మత్తు డాక్టరు, మైక్రోడెబ్రైడర్ (బుడిపెలను గీకి లాగేసే పరికరం) గానీ లేజర్ గానీ ఉన్న చోటే జరగాలి, చాలావరకు హైదరాబాద్ పంపుతారు. కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. తల్లిదండ్రులకు ఒక నిజం ముందే చెప్పాలి: ఇది ఒక్క ఆపరేషన్‌తో పోయేది కాదు. మళ్లీ మళ్లీ పెరుగుతుంది, కొందరికి ఏడాదిలో నాలుగైదుసార్లు తీయాల్సి వస్తుంది, వయసు పెరిగే కొద్దీ చాలామందిలో నెమ్మదిస్తుంది. చెప్పకపోతే రెండోసారి పెరిగినప్పుడు డాక్టర్ సరిగ్గా చేయలేదని చికిత్సే మానేస్తారు. గొంతుకు రంధ్రం పెట్టి గొట్టం వేయడం ప్రాణం పోతుంటే తప్ప చేయకూడదు, పాపిలోమాలు ఆ దారిలో కింది శ్వాసనాళానికి దిగే ప్రమాదం ఉంది.


జనగామ_పిల్లలడాక్టర్

“ఎట్ల వచ్చింది” అన్న ప్రశ్న దగ్గర ఆగాలి. తొందరపడి చెప్పిన మాట ఇంటిని కూలుస్తుంది, అసలు చెప్పకపోతే బిడ్డ మునుగుతుంది.

నోట్లో హెచ్‌పీవీ బుడిపె ఒక్కటి చూసి లైంగిక హింస జరిగిందని అనలేం. కాన్పులో తల్లి నుంచి రావచ్చు, బిడ్డ చేతి నుంచే రావచ్చు, ఉలిపిర్లున్న పెద్దల చేతి నుంచి రావచ్చు. వైరస్ రకం పరీక్ష చేయించినా దారి తెలియదు, 6, 11 రకాలు కాన్పులోనూ వస్తాయి, లైంగికంగానూ వస్తాయి. అదే లెక్కన చేతికి ఉలిపిరి ఉంది కదా, ఇంకేమీ లేదని తేల్చేయడమూ తప్పే. అనుమానం బరువెక్కేది ఇతర గుర్తులు కలిసినప్పుడు: జననాంగాల దగ్గర, మలద్వారం దగ్గర కూడా బుడిపెలుండటం, పై పెదవి లోపలి చిన్న తీగ చిరిగి ఉండటం, అంగిలి మీద కారణం లేని ఎర్రటి రక్తపు చుక్కలు, ఇంకో సుఖవ్యాధి, ఒక మనిషి పేరు ఎత్తగానే బిడ్డ బిగుసుకుపోవడం, ఆగిపోయిన పక్క తడపడం మళ్లీ మొదలవడం.

అడిగేటప్పుడు వార్డెన్, టీచర్ పక్కన ఉండకూడదు. ఆడపిల్లతో మహిళా సిబ్బందే మాట్లాడాలి, ఇతరులకు కనిపించే, వినిపించని చోట. “ఇది ఎప్పటి నుంచి ఉంది? ఎవరికైనా చెప్పావా? నీకు ఇబ్బంది కలిగేలా ఎవరైనా ఏమైనా చేశారా?” అంతవరకే. మనుషుల పేర్లు మనం అందించకూడదు, అవునా కాదా అని ఒత్తిడి చేయకూడదు. బిడ్డ చెప్పిన మాటలను బిడ్డ మాటల్లోనే రాసుకోండి, మీ భాషలోకి మార్చవద్దు. ఒకసారి చెప్పాక మళ్లీ మళ్లీ చెప్పించకండి.

హింస జరిగిందని తెలిస్తే పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 2012లోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి. డాక్టరైనా, టీచరైనా, వార్డెనైనా మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ‘పరువు పోతుంది, ముందు ఊరి పెద్దలతో మాట్లాడదాం’ అనే మాటకు చట్టంలో చోటు లేదు. పిల్లల సహాయ నంబరు 1098కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. బాలికను మహిళా డాక్టరే, తల్లిదండ్రులో తను నమ్మే మనిషో ఉండగా పరీక్షించాలి. పేరు, ఊరు, బడి బయటికి రాకూడదు. మీ బృందం వాట్సాప్ గ్రూపులో ఫొటోతో సహా పెట్టడం కూడా బయటపెట్టడమే.

ఇంకో వైద్య విషయం. ఒకే బిడ్డకు నోరంతా, చేతులంతా బుడిపెలు లేస్తుంటే రోగనిరోధక శక్తి సంగతి చూడాలి. హెచ్ఐవీ పరీక్ష, చాలాకాలంగా స్టెరాయిడ్ వాడకం, కిడ్నీ మార్పిడి మందులు. హెచ్ఐవీ మందులు మొదలుపెట్టిన కొత్తలో బుడిపెలు పెరగడం ఉంటుంది, అది చూసి మందులు మాన్పించొద్దు.


టీకా_వరంగల్

టీకా ఉన్న బుడిపెను పోగొట్టదు. మొదట ఈ మాట చెప్పండి, లేకపోతే వేయించాక ‘పనిచేయలేదు’ అంటారు. రాబోయే వైరస్‌ను ఆపడానికే అది. అందులో వైరస్ పైతొడుగు ప్రొటీన్ మాత్రమే ఉంటుంది, లోపలి డీఎన్‌ఏ ఉండదు, కాబట్టి టీకా వల్ల హెచ్‌పీవీ సోకదు.

గార్డసిల్ నాలుగు రకాలకు: 6, 11, 16, 18. గార్డసిల్ 9కి వీటితో పాటు 31, 33, 45, 52, 58. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వారి సెర్వావ్యాక్‌కు 2022లో మన దేశంలో అనుమతి వచ్చింది, అదీ 6, 11, 16, 18కే. అంటే కొండనాలుక పాపిలోమా, స్వరపేటిక పాపిలోమా తెచ్చే రకాలు వీటన్నిటిలో ఉన్నాయి. చేతి ఉలిపిర్ల 2, 4 రకాలు, హెక్ 13, 32 రకాలు దేనిలోనూ లేవు. ఆ పాపకు, ఆ అక్కాతమ్ముళ్లకు బుడిపెల కోసమని టీకా రాయకండి. తొమ్మిదేళ్లు నిండాక అందరు పిల్లల్లాగే వాళ్లకూ వేయించవచ్చు.

9 నుంచి 14 ఏళ్లలో మొదలుపెడితే రెండు డోసులు, నడుమ ఆరు నెలలు. 15 దాటాక మొదలుపెడితే మూడు: మొదటిది, రెండు నెలలకు, ఆరు నెలలకు. రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలకు వయసు ఎంతైనా మూడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో 9 నుంచి 20 ఏళ్ల వారికి ఒక్క డోసు కూడా సరిపోతుందని చెప్పింది, ప్రభుత్వ కార్యక్రమాలకు ఆ వెసులుబాటు. అర మిల్లీలీటరు, భుజం కండలోకి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే పారేయాలి. ఈ వయసు పిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడిపోతారు, అది టీకా విషం కాదు, భయం. కూర్చోబెట్టి వేయండి, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టే ఉంచండి. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలకు ముందు ఏదైనా తినిపించండి. ఈస్ట్‌కు తీవ్ర అలర్జీ ఉంటే వేయకూడదు.

నోటి మీద దీని ప్రభావానికి ఆధారాలున్నాయి. కోస్టారికాలో యువతుల మీద చేసిన ప్రయోగంలో టీకా వేసిన నాలుగేళ్లకు నోటిలో 16, 18 రకాలు సోకడం 93 శాతం తగ్గింది. ఆస్ట్రేలియాలో 2007లో బాలికలకు టీకా మొదలైంది. అక్కడ పిల్లల స్వరపేటిక పాపిలోమా 2012లో లక్షకు 0.16 ఉన్నది 2016 నాటికి 0.02కు పడిపోయింది. తల్లి కాబోయే అమ్మాయికి వేసిన టీకా పుట్టబోయే బిడ్డ గొంతును కాపాడుతోందన్న మాట. ఈ ఒక్క సంగతి చెప్పి ఇంటర్ చదివే అమ్మాయిల తల్లులను ఒప్పించవచ్చు.

మన దగ్గర తల్లిదండ్రులు ‘ఖమ్మంలో పిల్లలు చనిపోయారు కదా’ అని తప్పక అడుగుతారు. దాటేయకుండా జవాబు చెప్పాలి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలకు ఒక ప్రాజెక్టు కింద ఈ టీకా ఇచ్చారు. కొందరు బాలికల మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలే కనిపించాయి, టీకాతో సంబంధం తేలలేదు. కానీ అనుమతి తీసుకున్న తీరు తప్పని 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది: ఎన్నో పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. కోపం న్యాయమైనది, అది టీకా మందు మీద కాదు, అడగకుండా వేసిన పద్ధతి మీద. మీరు హాస్టళ్లలో పనిచేస్తున్నారు కాబట్టి మరీ జాగ్రత్త. వార్డెన్ సంతకం చెల్లదు. తల్లికో తండ్రికో తెలుగులో చదివి వినిపించి, ప్రశ్నలు అడగనిచ్చి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. రావడం కష్టమైన గూడేల వాళ్లకు పిల్లలు సెలవులకు ఇంటికెళ్లే ముందే పత్రం ఇచ్చి పంపండి.

అబ్బాయిలకూ వేయవచ్చు, సెర్వావ్యాక్‌కు ఇద్దరికీ అనుమతి ఉంది. డబ్బులు ఒక్కరికే సరిపోతే మన ప్రాంతంలో అమ్మాయికే ముందు వేయించమంటాను. గొంతు క్యాన్సర్ అనగానే అబ్బాయిల విషయంలో హెచ్‌పీవీ కంటే ముందు మాట్లాడాల్సింది గుట్కా, ఖైనీ గురించి. మన దేశంలో నోటి క్యాన్సర్లకు పొగాకు, వక్కలే ప్రధాన కారణం.


నర్సంపేట_బడివైద్యం

అందరికీ ధన్యవాదాలు. పాపను చర్మవ్యాధుల విభాగానికి, బాబును పళ్ల డాక్టర్ దగ్గరికి పంపుతున్నాం, అక్కాతమ్ముళ్లకు ఫొటో తీసి మూడు నెలలకు మళ్లీ చూస్తాం. పళ్లాల సంగతి, మా అద్దాల సంగతి మిగిలింది. ఒక బడిలో రెండు వందల మందిని చూస్తాం, అద్దాన్ని స్పిరిట్‌లో ముంచి తర్వాతి పిల్లకు వాడుతుంటారు.


హన్మకొండ_పిల్లలపళ్లు

పళ్లాలు వేరు చేయొద్దు సార్. సబ్బుతో కడిగి ఆరబెట్టిన పళ్లెం ద్వారా ఇది వ్యాపిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు, వేరు చేస్తే ఆ పిల్లను మిగతావాళ్లు వెలివేస్తారు. బ్రష్, నాలుక బద్ద, సగం కొరికిన జామకాయ, పెన్ను మూత మాత్రం ఎవరిది వారికే. హాస్టల్లో బ్రష్‌లన్నీ ఒకే మగ్గులో తలలు ఆనించి పెడతారు, అది మార్పించండి. తువ్వాలు కూడా, చేతి ఉలిపిర్లు తువ్వాళ్ల ద్వారా పాకుతాయి.

అద్దం విషయం దీనికంటే ముఖ్యం. స్పిరిట్‌లో ముంచడం హెచ్‌పీవీకి పనికిరాదు. దానికి కొవ్వు పొర ఉండదు, ఆల్కహాల్ కరిగించడానికి అక్కడేమీ లేదు. అందుకే శానిటైజర్ రాసుకున్న చేతులను నమ్ముకోవద్దు, ప్రతి బిడ్డకూ గ్లవ్స్ మార్చాలి. పరికరాలు శుభ్రం చేసే గ్లుటరాల్డిహైడ్ మందులో నానబెట్టినా హెచ్‌పీవీ 16వ రకం బతికే ఉందని 2014లో పరీక్ష చేసి చూపించారు, హైపోక్లోరైట్‌కు (బ్లీచింగ్ ద్రవానికి) మాత్రం లొంగింది. లోహపు అద్దాలైతే బ్రష్‌తో రుద్ది కడిగి, సంచిలో పెట్టి ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడిలో ముప్పై నిమిషాలు ఉంచండి. కడగకుండా పెడితే ఎండిన లాలాజలం కింద వైరస్ దాక్కుంటుంది. రెండు వందల అద్దాలు ఎక్కడివి అంటారు, నిజమే. బడి తనిఖీకి అద్దం అక్కర్లేదు. బిడ్డకొక చెక్క బద్ద చాలు, పెదవి, బుగ్గ చాచడానికి, నాలుక ఒత్తడానికి అదే వాడి అక్కడే విరిచి పసుపు సంచిలో వేయండి. విరవకపోతే పిల్లలు ఏరుకుని ఆడుకుంటారు.